ట్రాఫిక్‌లో హీట్ అవుతోంది, హైవే మీద అవ్వట్లేదు. కింద చుక్క లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది

ఉప్పల్‌వాసి

అందరికీ నమస్కారం. బండి 2007 మోడల్ చిన్న కారు, పెట్రోల్, 1.1 లీటర్ ఇంజిన్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్న బండి. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. పదిహేనేళ్లు దాటాక రీ రిజిస్ట్రేషన్ కూడా చేయించాను, అమ్మే ఉద్దేశం లేదు.

రోజూ ఉప్పల్ నుంచి బేగంపేట ఆఫీసుకు వెళ్తాను. హబ్సిగూడ దాటేవరకు టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది. తార్నాక సిగ్నల్ దగ్గర మెల్లగా లేవడం మొదలుపెట్టి మెట్టుగూడ వచ్చేసరికి ముప్పావు దాటుతుంది. బండి కదిలితే మళ్లీ దిగుతుంది. మొన్న ఆదివారం మండుటెండలో అమ్మను యాదగిరిగుట్ట తీసుకెళ్లొచ్చాను, 80 స్పీడులో ముల్లు కదల్లేదు.

చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూస్తే వారానికి దాదాపు అర లీటరు పడుతోంది. పక్కనున్న తెల్ల బాటిల్‌లో మాత్రం లెవెల్ ఎప్పుడూ గీత మీదే ఉంటుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను, తెల్లారి చూస్తే పొడిగా ఉంది.

ఇంటి దగ్గరి మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పక్కన పెట్టేశాడు. అయినా అంతే. ఇప్పుడు రేడియేటర్ మార్చాలంటున్నాడు, దాంతో తగ్గకపోతే హెడ్ గ్యాస్కెట్ అట, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది దిమ్మెకీ మధ్య ఉండే సీల్. రెండూ కలిపి 16,000 చెప్పాడు. డబ్బు ఎలాగో సర్దుకుంటాను. పాడైంది ఏమిటో తెలియకుండా నాన్న బండి ఇంజిన్ విప్పించడానికే మనసొప్పట్లేదు. ముందు ఏది చూడాలి?

నల్లరోడ్డు

ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద చల్లబడుతోందంటే నా అనుమానం ఫ్యాన్ మీదే. స్పీడులో గాలి తనంతట తనే రేడియేటర్‌కి తగులుతుంది, ఆగితే ఫ్యాన్ తిరగాల్సిందే. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి చూడండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే దాని మోటారు బాగున్నట్టే. తర్వాత ఏసీ ఆపి, బండి నిలబెట్టి ముల్లు ఎక్కనివ్వండి. సగం దాటినా ఫ్యాన్ పడకపోతే ఫ్యాన్ స్విచ్చో, దానికి కరెంటు పంపే రిలేనో చూడాలి. ఫ్యాన్ దగ్గర చున్నీ, చేతులు జాగ్రత్త, అది చెప్పకుండా తిరుగుతుంది.

సాగర్ రింగురోడ్డు

మా మామయ్య లారీ నడిపేవారు. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేసేవారు, ఊరు చేరేదాకా ఆగేది. చిన్న లీకే కదా, ఒకసారి వేసి చూడండి.

పాత గ్యారేజీ

అమ్మా, పసుపు మాత్రం వేయకండి. అడవి మధ్యలో లారీ ఆగిపోయినప్పటి ఉపాయం అది. మీ బండి రేడియేటర్ గొట్టాలు సన్నగా ఉంటాయి, పసుపైనా, షాపుల్లో అమ్మే లీక్ స్టాప్ పొడైనా కన్నాన్ని మూసినట్టే వాటినీ మూసేస్తుంది. అప్పుడు నిజంగానే రేడియేటర్ మార్చాల్సి వస్తుంది.

నేను బస్సుల గ్యారేజీలో 27 ఏళ్లు పనిచేశాను. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ తెల్ల బాటిల్. వేడికి కూలెంట్ ఉబ్బి రేడియేటర్ మూతను తోసుకుని బాటిల్‌లోకి పోవాలి. చల్లబడ్డాక అదే మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని బాటిల్ లోంచి వెనక్కి పీల్చుకోవాలి. అంటే బాటిల్ లెవెల్ వేడికి పెరగాలి, పొద్దున్నకి తగ్గాలి. మీ బాటిల్ కదలట్లేదు, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతోంది. అంటే మూత పీల్చడం మానేసింది, లేదా ఇంకెక్కడో ఉన్న కన్నం గుండా కూలెంట్‌కు బదులు గాలి లోపలికి పోతోంది.

మూత తిప్పి రబ్బరు చూడండి. అంచు వెంట పగిలి ఉందా, నొక్కితే గట్టిగా బిస్కెట్‌లా తగులుతోందా? మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, కొత్తది అదే నంబరుది తెచ్చుకోండి. రాణిగంజ్ స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది. ఆ నంబరు ఊరికే రాసింది కాదు, మూత పట్టి ఉంచే ప్రెషర్ అది. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపితే మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 0.9 ప్రెషర్‌లో దాదాపు 125 దాకా మరగదు. మూత ప్రెషర్ పట్టకపోతే ఆ కవచం పోయినట్టే.

చుక్క ఎందుకు కనపడట్లేదంటారా? చిన్న లీకులు ప్రెషర్ ఉన్నప్పుడే కారతాయి. కారిన చుక్క వేడి ఇనుము మీద పడి అక్కడే ఆవిరైపోతుంది. రాత్రికి బండి చల్లబడితే ప్రెషర్ ఉండదు, అట్టముక్క పొడిగానే ఉంటుంది. మీరు వెతకాల్సింది తడి కాదు, మరక. పగటిపూట టార్చి పట్టుకుని హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అతుకుల దగ్గర, ముఖ్యంగా కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కింద చూడండి. పంపు ఒంటి మీద అగ్గిపుల్ల దూరేంత కన్నం ఒకటి ఉంటుంది. లోపలి సీల్ అరిగితే కూలెంట్ అందులోంచే వస్తుంది. కన్నం కింద ఉప్పు పేరుకున్నట్టు పచ్చగానో, తెల్లగానో పెచ్చు కట్టి ఉంటే దొంగ దొరికినట్టే.

కార్పెట్ కూడా తడిమి చూడండి. మన హైదరాబాదులో హీటర్ ఎవరూ వేయరు, అందుకే డాష్‌బోర్డు వెనక ఇంకో చిన్న రేడియేటర్ ఉందన్న సంగతే మర్చిపోతాం. అది కారితే ఎడమవైపు కాళ్ల దగ్గర జిగటగా, తియ్యటి వాసనగా ఉంటుంది. ఏసీ నీళ్లయితే వాసన ఉండదు, జిగట ఉండదు.

నల్లరోడ్డు గారు చెప్పిన ఫ్యాన్ టెస్టు చెయ్యండి, కానీ రేడియేటర్ నింపాకే చెయ్యండి. కొన్ని బండ్లలో ఫ్యాన్ స్విచ్ రేడియేటర్ పైభాగాన ఉంటుంది. లెవెల్ దిగిపోతే స్విచ్ గాలిలో మిగిలిపోతుంది, చుట్టూ కూలెంట్ లేక వేడి దానికి అందదు, ఫ్యాన్ పడదు. ముల్లుదీ అంతే. ఎక్కి ఎక్కి ఒక్కసారిగా కింద పడిపోతే చల్లబడిందనుకోకండి, సెన్సర్ దగ్గర కూలెంట్ అయిపోయి ఉండొచ్చు. వెంటనే పక్కకు ఆపేయండి.

హెడ్ గ్యాస్కెట్ సంగతి ఇంజిన్ విప్పకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీసి స్టార్ట్ చెయ్యండి. మొదట నాలుగు బుడగలు వస్తే భయం లేదు, లోపలి గాలి అది. సోడా కొట్టినట్టు ఆగకుండా వస్తుంటే, ఆయిల్ గేజ్ పుల్ల మీద ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంటే, వేడెక్కాక కూడా సైలెన్సర్ లోంచి తెల్ల పొగ పోతూనే ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. వేడి బండి మూత మాత్రం ఎవరు చెప్పినా తీయకండి. మా గ్యారేజీలో ఒక కుర్రాడి ముంజేయి మొత్తం కాలింది, ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి. తీసేస్తే ఇంజిన్ వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. పైగా అసలు రోగం ఏమిటో కనపడకుండా పోతుంది.

ఉప్పల్‌వాసి

బాబాయ్ గారూ, పొద్దున ఆరింటికి చూశాను. మొదట ఐదారు బుడగలు వచ్చి ఆగిపోయాయి. ఆయిల్ శుభ్రంగా ఉంది, పొగ లేదు, కార్పెట్ పొడిగా ఉంది. మూత రబ్బరు వేలితో నొక్కితే చిన్న ముక్క ఊడి వచ్చింది. రేడియేటర్ నిండా పోసి టెస్టు చేస్తే సగం దాటగానే ఫ్యాన్ పడింది! అంటే రోజూ లెవెల్ తగ్గాకే పడట్లేదన్నమాట. వాటర్ పంపు దగ్గర కవర్ అడ్డం వచ్చింది, నాకు కనపడలేదు.

పాత గ్యారేజీ

గ్యాస్కెట్ భయం చాలావరకు తీరింది. ఇక ప్రెషర్ టెస్టర్ ఉన్న షెడ్డుకే వెళ్లండి. చేతిపంపుతో మూత మీది నంబరు దాకా ప్రెషర్ ఎక్కించి పది నిమిషాలు చూస్తారు. దగ్గరే నిలబడి చూడండి. పంపే కారుతుంటే, అది టైమింగ్ బెల్టుతో తిరిగేదైతే బెల్టు కూడా అప్పుడే మార్పించండి, విప్పే కూలి ఒక్కటే.

ఉప్పల్‌వాసి

శనివారం చేయించాను. 0.9 ఎక్కిస్తే పది నిమిషాల్లో 0.6కి పడిపోయింది. కవర్ విప్పితే పంపు కన్నం కింద మీరన్నట్టే పచ్చటి పెచ్చు, వేలంత పొడవు. దాని కొసన ఒక చుక్క వేలాడుతోంది. మూత, పంపు, బెల్టు, కూలెంట్, కూలి అన్నీ కలిపి 5,900 అయింది. థర్మోస్టాట్ కూడా మళ్లీ పెట్టించాను. ఈ రోజు సాయంత్రం మెట్టుగూడ దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాను. ఏసీ వేసుకునే ఉన్నాను, ముల్లు సగం దాటలేదు. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

ఒక్క డౌటు. ఇప్పుడు పోసింది పచ్చ కూలెంట్. ఇంట్లో నాన్న కొన్న ఎర్రది అర లీటరు ఉంది, తగ్గినప్పుడు అది కలపొచ్చా?

పాత గ్యారేజీ

కలపకండి అమ్మా, రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి లోపల జిగురు కడుతుంది. పచ్చదే ఇంకో డబ్బా కొని డిక్కీలో పెట్టుకోండి. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఉప్పల్ బోరు నీళ్లు పోస్తే గొట్టాల్లో సున్నం పడుతుంది. ఆ ఎర్ర డబ్బా పిల్లలకు, కుక్కలకు అందకుండా పైన పెట్టండి. తియ్యగా ఉంటుంది కానీ విషం. వారం తర్వాత బాటిల్ లెవెల్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి ఇక్కడ రాయండి.