అప్‌డేట్: పై అంతస్తులో గ్యాస్ గీజర్ వెలిగి ఆరిపోయే సమస్య తీరింది

విజయవాడ పటమటలో మా ఇంటి పై అంతస్తులో గ్యాస్ గీజర్ వెలిగిన వెంటనే ఆరిపోతోంది, తీసేసి నీళ్లు నిల్వ చేసి వేడిచేసే ట్యాంకు గీజర్ పెట్టించాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. నీటి ప్రెజర్ తక్కువేమో చూడమన్నవారి మాటే నిజమైంది. గీజర్‌కి పది అడుగుల ఎత్తులోనే ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, అంటే సుమారు 0.3 బార్ (ప్రెజర్ కొలత) మాత్రమే. దానికి తోడు నీళ్లు లోపలికి వచ్చే చోట జాలీలో ఉప్పు గట్టిగా పేరుకుపోయిందని మెకానిక్ చూపించాడు. జాలీ కడిగితే కాస్త నయమైంది, చిన్న ప్రెజర్ పంపు పెట్టాక పూర్తిగా కుదిరింది. గీజర్‌ని వెలిగించే బ్యాటరీలు, గ్యాస్ రెగ్యులేటర్ బాగానే ఉన్నాయి. గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గురించి హెచ్చరించినవారి మాట విని గీజర్‌ని బాత్‌రూమ్ బయటి గోడకి మార్పించాం. ఆరిపోవడానికీ దీనికీ సంబంధం లేదు, అయినా ఎలాగూ చేయాల్సిన పనే. ఇప్పుడు కరెంటు పోతే పంపుతో పాటు వేడినీళ్లూ ఆగిపోతాయి, అదొక్కటే మైనస్. ట్యాంకు గీజర్ ఆలోచన మానేశాం.