విన్‌క్లర్ టెస్ట్‌లో నీలం రంగు పోయి మళ్ళీ వచ్చేస్తోంది, ఎవరైనా హెల్ప్ చేయండి

బెంగళూరులో డిగ్రీ ఫస్టియర్, ఈవీఎస్ ప్రాజెక్ట్ కింద బెల్లందూరు చెరువు నీళ్ళలో డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఎంతుందో విన్‌క్లర్ టెస్ట్‌తో చూస్తున్నాం. 300 ఎంఎల్ బీఓడీ బాటిల్‌లో బుడగల్లేకుండా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేట్ 2 ఎంఎల్, ఆల్కలీ అయొడైడ్ 2 ఎంఎల్ వేసి మూత పెట్టి తెచ్చాం. అడుగున లేత గోధుమ రంగు మడ్డి దిగింది, అంటే ఆక్సిజన్ కొంచెమైనా ఉన్నట్టే కదా (అసలు లేకపోతే తెల్లగానే ఉండాలి). ల్యాబ్‌లో కాన్సంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ వేస్తే మడ్డి కరిగిపోయింది, ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది.

గొడవంతా టైట్రేషన్‌లోనే. 200 ఎంఎల్ తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో చేస్తుంటే, స్టార్చ్ (అయొడిన్ ఉంటే నీలం రంగు చూపించేది) వేశాక 2.4 ఎంఎల్ దగ్గర నీలం మొత్తం పోతుంది, హమ్మయ్య అనుకుని బ్యూరెట్ రీడింగ్ చూసేలోపే ఫ్లాస్క్‌లో మళ్ళీ నీలం తేలుతుంది, ఇంకో రెండు చుక్కలు వేస్తే పోయి మళ్ళీ వస్తుంది, ఇలా 4 దాటినా ఆగట్లేదు.

థయోసల్ఫేట్ కొత్తగా కలిపి స్టాండర్డైజ్ చేశాం, స్టార్చ్ అప్పటికప్పుడు కాచాం, ఫ్లాస్కులు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాం, అయినా అంతే. అదే కెమికల్స్‌తో హాస్టల్ బోర్ నీళ్ళు చేస్తే రంగు ఒక్కసారి పోయి ఇక రాలేదు, కాబట్టి తేడా చెరువు నీళ్ళలోనే ఉంది. మురుగు నీళ్ళు కలుస్తాయి కాబట్టి నైట్రైట్ పని అని నా డౌట్, మా ఆల్కలీ అయొడైడ్‌లో నైట్రైట్‌ని తీసేసే అజైడ్ లేదు, అది విషం అని మాకు ఇవ్వరు.

మరి అజైడ్ లేకుండా చేసినప్పుడు మొదటిసారి రంగు పోయిన 2.4 రీడింగే లీటరుకు 2.4 మిల్లీగ్రాములు అని రికార్డ్‌లో రాయొచ్చా, లేక ఆ శాంపిల్ మొత్తం పనికిరానట్టేనా?