కొత్త పాటలు పాడైపోయాయా? వినదగ్గవి ఎక్కడ వెతకాలండి?

లంకగాలి, అమలాపురం:

ఆయ్, సంగీతం తెలిసినోళ్ళందరికీ నమస్కారమండి. పెళ్ళి ఊరేగింపులో అవే పది పాటలు, ప్రభల తీర్థంలో అవే, రీల్సులోనూ అవే. పెద్దవాళ్ళనడిగితే 1974లో ఘంటసాలతోనే పాట పోయిందంటారు. కుర్రాళ్ళనడిగితే పాతవన్నీ సాగదీసినట్టుంటాయంటారు. ఎవరి మాటా పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు.

పాట స్థాయి తగ్గిందో లేదో అభిమానాలు పక్కనపెట్టి తేల్చే పద్ధతేమైనా ఉందా? యాప్ తెచ్చిచ్చేవన్నీ ముందు విన్నవాటి చుట్టూనే తిరుగుతున్నాయి, దాన్ని దారిలో పెట్టడమెలా? సినిమాది కానిది వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో అందరికీ ఒకటే ఫోను, ఒకటే టీవీ. పొద్దున్న సుప్రభాతం, సాయంత్రం పిల్లల రైమ్స్ అన్నీ అందులోనే. డేటా రోజుకి 1.5 జీబీ.

నాలుగున్నరశ్రుతి, కాకినాడ:

తేల్చొచ్చండి, కాకపోతే పోటీ సమానంగా పెట్టాలి. పాతవాటిలో మనం వినేది యాభై అరవై ఏళ్ళు జల్లెడ పట్టగా మిగిలినవి. కొత్తవాటిలో వినేది జల్లెడలో ఇంకా పోయనిది. అందుకని ఇలా చేయండి. 1964, 1994, 2024 తీసుకోండి. ప్రతి ఏడాదిలోనూ 'మ' అక్షరంతో మొదలయ్యే సినిమాలన్నీ రాసుకుని, హిట్టూ ఫట్టూ చూడకుండా వాటిలో పాటలన్నీ వరసగా వినండి. 1964లో కూడా ఎవరికీ గుర్తులేని పాటలు, పక్క భాష వరస మీద తెలుగు మాటలు కూర్చినవి, ఒకే వరసని మాటలు మార్చి మళ్ళీ వాడినవి ఎన్ని తగులుతాయో మీకే తెలుస్తుంది.

రెండో చిక్కు శబ్దం మట్టం. ఒక పాట ఇంకోదానికంటే ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా చాలు, చెవి దాన్నే బాగుందంటుంది, గట్టిగా ఉందని మాత్రం పోల్చుకోదు. కంప్యూటర్లో యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. 'కంటెంట్ లౌడ్‌నెస్' అని ఒక అంకె కనబడుతుంది. అది 4 అని ఉంటే యూట్యూబ్ ఆ పాటని 4 డెసిబెళ్ళు తగ్గించి వినిపిస్తోందన్నమాట. మైనస్ 6 అని ఉంటే పాట మామూలు మట్టానికి 6 డెసిబెళ్ళు కింద ఉంది. కిందున్నదాన్ని యూట్యూబ్ పైకి లేపదు. పాత మోనో పాటలు (ఎడమ కుడి తేడా లేకుండా ఒకే ధారలో రికార్డయినవి) చాలావరకు ఈ రెండో రకం. కాబట్టి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టేటప్పుడు కొత్తదాన్ని ఆ మేరకు మీరే తగ్గించాలి. 'స్టేబుల్ వాల్యూమ్' ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది పాటలో ఎత్తుపల్లాలని చదును చేసేస్తుంది. స్పాటిఫైలో అయితే 'ఆడియో నార్మలైజేషన్' ఆన్ చేస్తే రెండూ ఇంచుమించు ఒకే మట్టానికి వస్తాయి, శబ్దం మట్టం కొలతలో అది మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్.

పరిశోధనల మాటకొస్తే రెండున్నాయి, రెండూ బయటి సంగీతం మీదే. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4,64,411 రికార్డింగుల్ని లెక్కగట్టారు. శబ్దం మట్టం పెరుగుతూ వచ్చిందనీ, స్వరం నుంచి స్వరానికి వెళ్ళే దారుల్లో, వాద్యాల నాదంలో వైవిధ్యం తగ్గిందనీ తేల్చారు. 'పాట చచ్చిపోయింది' అనేవాళ్ళు దీన్నే చూపిస్తారు. 2015లో లండన్ వాళ్ళు అమెరికా హిట్ పాటల జాబితా హాట్ 100లోని సుమారు 17,000 పాటలు పరిశీలిస్తే వేరే సంగతి బయటపడింది. అన్నీ ఒకేలా అయిపోతున్నాయనడానికి ఆధారం లేదు. 1964, 1983, 1991 దగ్గర పెద్ద మలుపులున్నాయి. వైవిధ్యం బాగా పడిపోయింది 1986 ప్రాంతంలో, అదీ డ్రమ్ మెషీన్ల కాలంలో, ఆ తర్వాత మళ్ళీ లేచింది. వీటిని యథాతథంగా తెచ్చి మన పాటకి అంటించకండి. మన పాటకి కొలత రాగమూ, గమకమూ, మాటా కూడాను. ఆ లెక్కల్లో ఇవేవీ లేవు.

మైకుసెట్టు, రావులపాలెం:

పైన గురువుగారు చెప్పనిది ఒకటుందండి. పాట ఎలా కట్టాలో స్పీకరు పెట్టె చెబుతుంది. చెట్టుకి కట్టిన మైకు హారను సుమారు 300 హెర్ట్జ్ నుంచి 6,000 హెర్ట్జ్ లోపలే పలుకుతుంది (అంకె తగ్గేకొద్దీ లోతు నాదం, పెరిగేకొద్దీ సన్న నాదం). అందులో గొంతు, పిల్లనగ్రోవి, సన్నాయి రెండు చేలు దాటి వినబడతాయి. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి వైపు, మోగే లోతు దెబ్బ గుమికి అసలు తగలదు. అప్పట్లో ఊళ్ళో ఏ పాట తిరగాలో మైకు సెట్టు కుర్రాడు ప్లేటు మార్చి తేల్చేవాడు, మాట వినబడే పాటకే గిరాకీ. ఇప్పుడు ట్రాక్టరు మీద 18 అంగుళాల బేసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. వాటి బలమంతా 40 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర. ఆ పెట్టెలకి పనికొచ్చేది దరువు. చరణం రాగానే గుమికి ఆగితే జనం కూడా ఆగిపోతారు, అందుకే డీజే చరణం కోసేసి మళ్ళీ పల్లవికి వెళ్ళిపోతాడు. ఊరేగింపులో అవే పది పాటలు మోగుతున్నాయంటే కట్టేవాళ్ళకి చేతకాక కాదు, ఆ పెట్టెలకి నప్పేవి అవే కాబట్టి. ఊరేగింపులో విని తెలుగు పాట ఇంతే అని తేల్చేయకండి.

సవరణలేనిపాట, రాజమహేంద్రవరం:

అన్నీ సమర్థించేస్తే ఎలాగండీ? తగ్గినవి తగ్గాయి, పేర్లు పెట్టి చెప్పుకోవాలి.

మోనో రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చుని పాడేవారు. ఎవరు తప్పినా మొదటికి రావాల్సిందే. ఇప్పుడు ముక్క ముక్కగా పాడించి అతికిస్తున్నారు. అతకడం తప్పు కాదు, ఆ తర్వాత జరిగేదే తప్పు. 1997లో శ్రుతి సవరించే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేరు వచ్చింది. దాన్ని క్రోమాటిక్ (పన్నెండు అరస్వరాల) మీద పెట్టి, ఎంత త్వరగా సవరించాలో చెప్పే 'రీట్యూన్ స్పీడ్' సున్నాకి దగ్గరగా తిప్పితే ప్రతి ధ్వనీ దగ్గరున్న అరస్వరానికి అతుక్కుపోతుంది. మన గమకం ఉండేది రెండు స్వరాల నడుమ ఊపులో. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడే స్వరమే కాదు, దాన్ని నిలబెడితే తోడి పోతుంది. ఆ స్పీడుని 20 నుంచి 50 మిల్లీసెకన్ల దాకా వదులుగా పెట్టి, గమకం ఉన్న చోట సవరణ ఆపేసే ఇంజినీర్లు లేకపోలేదు. తొందర పనిలో ఆపరు. వినేటప్పుడు పట్టుకోవడం తేలిక. 'ఆ' అని సాగదీసిన చోట జారుడు పోయి మెట్లు మెట్లుగా వినబడితే యంత్రం చెయ్యి పడిందన్నమాటే.

పొడుగు సంగతి మాత్రం వేరు. చరణాలు తగ్గాయని ఏడవనక్కర్లేదు. 78 ఆర్‌పీఎం ప్లేటుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది, గొప్పవాళ్ళంతా అందులోనే సర్దారు. ఇప్పటి కట్టు వేరే చోటుంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే పాట విన్నట్టు లెక్క. ఆ లోపల శ్రోత వెళ్ళిపోకూడదని మొదట్లో వచ్చే వాద్యాల ముక్క ఎగిరిపోయింది. నాకైతే చరణం మధ్య బీజీఎం పోవడం కంటే ఇదే పెద్ద నష్టమనిపిస్తుంది, పల్లవికి ముందు రాగం తెలిసే చోటు అదే మరి.

పాలకొల్లుతీగ, పాలకొల్లు:

ఇక వెతకడం సంగతికొద్దాం. యాప్ ఎలా పని చేస్తుందో తెలిస్తే సగం చిక్కు తీరుతుంది. వేలమంది జాబితాల్లో ఏ పాట పక్కన ఏ పాట ఉందో చూసి, మీరు ఒకటి వింటే రెండోది ఇస్తుంది. ఎవరి జాబితాలోనూ లేని పాట దాని కంటికే ఆనదు. కాబట్టి మొదటి పది పదిహేనూ మీరే వెతికి పెట్టాలి, ఆ తర్వాతే అది పనికొస్తుంది. తెలుగులో ఇంకో తంటా ఉంది. పాత పాటలన్నీ సంకలనాల్లో పడి ఉంటాయి. 1958 పాటకి సంకలనం విడుదలైన 2009 అని తేదీ పడుతుంది, ఒకే పాట పది చోట్ల ఉండి విన్నవాళ్ళ లెక్క చీలిపోతుంది. యాప్ చూపించే ఏడాదిని నమ్మకండి.

ఇంట్లో ఒకటే ఫోను అన్నారు. యూట్యూబూ యూట్యూబ్ మ్యూజిక్కూ ఒకే చరిత్ర పంచుకుంటాయి, టీవీలో పిల్లలు చూసిన రైమ్స్ మీ పాటల మీదికి వచ్చేది అందుకే. అదే గూగుల్ ఖాతాలో సెట్టింగుల నుంచి కొత్త ఛానెల్ ఒకటి తెరిచి, పాటలకి దాన్నే వాడండి. చరిత్ర విడిపోతుంది. స్పాటిఫైలో అయితే సుప్రభాతం ఉన్న ప్లేలిస్టు మీద మూడు చుక్కలు నొక్కి, 'టేస్ట్ ప్రొఫైల్' నుంచి మినహాయించమనే దాన్ని ఎంచుకోండి. కొత్త ఖాతాలో మొదటి వారం తయారు జాబితాలు ముట్టుకోకండి, 'టాప్ 50' అసలే వద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. పాటని కాదు, మనిషిని పట్టుకోండి. సినిమా పాట నుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. దేవిశ్రీ ప్రసాద్ పాటలు ఇష్టమనుకుందాం. ఆయన గురువు మాండలిన్ శ్రీనివాస్, మా పాలకొల్లులో 1969లో పుట్టినవారు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలుంటే ఈయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలు పలికించారు. జతలో ఒక తీగని లాగితే రెండోది శ్రుతి తప్పుతుంది, అందుకే ఒంటి తీగ. అక్కడి నుంచి రెండు దారులున్నాయి. ఒకటి శ్రీనివాస్ కూడా వాయించిన రిమెంబర్ శక్తి బృందం: జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా. రెండోది 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ఆల్బమ్. దాన్ని విడుదల చేసింది ఇంగ్లండు గాయకుడు పీటర్ గేబ్రియల్ పెట్టిన రియల్ వరల్డ్ లేబుల్. అదే బ్రూక్ 1990లో పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో అదే లేబుల్‌కి పని చేశాడు. పాలకొల్లు నుంచి నుస్రత్ పుట్టిన ఫైసలాబాదుకి మూడు అంగలు. ఈ దారి ఏ యాప్ కూడా వేయలేదు, ఎందుకంటే దేవిశ్రీనీ నుస్రత్‌నీ ఒకే జాబితాలో పెట్టుకునేవాళ్ళు తక్కువ.

ఇంకో దారి వీణది. ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు, మద్రాసు జెమినీ స్టూడియోలో పని చేశారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు కాకినాడవారు. గురువు మీటుకీ శిష్యుడి మీటుకీ తేడా వినడానికి ఇద్దరిదీ ఒకే రాగం పక్కపక్కన పెట్టండి.

క్రెడిట్లు యాప్‌లో సగం ఉండవు. డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ సైట్లలో ప్లేటు వెనక అట్ట మీది వివరాలు దొరుకుతాయి. వెతికేటప్పుడు ఒకే మనిషిని మూడు పేర్లతో వెతకాలి: యు. శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్, ఉప్పలపు శ్రీనివాస్. ఒక్కో పేరు కింద ఒక్కో రకం ఆల్బములు పెట్టారు.

లంకగాలి, అమలాపురం:

చాలా పని చెప్పారండీ, ఛానెల్ ఇప్పుడే విడగొట్టేశాను. డేటా ఎంత తింటుందో, యాప్‌లో లేనివి ఎలా వినాలో కూడా ఎవరైనా చెబుదురూ.

నాలుగున్నరశ్రుతి, కాకినాడ:

పాట సెకనుకి ఎంత డేటా లాగాలో చెప్పే అంకె కేబీపీఎస్. 96 కేబీపీఎస్ మీద పెడితే గంటకి సుమారు 43 ఎంబీ, 160 మీద 72, 320 మీద 144. ఫోను స్పీకరులో వినేదానికి 96 చాలు, ఇయర్‌ఫోన్లకి 160. వీడియో తెరిచి పాట వినకండి, డేటా అక్కడే పోతుంది.

యాప్‌లో లేనివాటికి ఇప్పటికీ ఆకాశవాణే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు, శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడ పని చేసినవారే. భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని అక్కడిదే. లలిత సంగీతం, తత్త్వాలు సినిమా కంపెనీల చేతిలో లేవు కాబట్టి యాప్‌లో తక్కువ. 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో కేంద్రాన్ని ఎంచుకుని వినొచ్చు. పాటకి ముందో వెనకో రచన ఎవరిదో, స్వరం ఎవరిదో చెబుతారు, ఆ రెండు పేర్లూ రాసుకోండి. ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ ఛానెల్లో ఆ పేర్లు కొట్టండి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, తెలుగులో ఒకసారి. మీడియం వేవ్ రేడియో ఉంటే ఎల్‌ఈడీ బల్బులకీ ఫోను ఛార్జర్లకీ దూరంగా పెట్టండి, గరగర అంతా వాటిదే. లోపలి యాంటెన్నా కడ్డీకి దిక్కుంటుంది, రేడియోని పావు వంతు తిప్పి చూస్తే స్టేషను తేలుతుంది.

పరిషత్తు నాటక పోటీల్లో పద్యాలు కూడా వదలకండి. ఫోనులో రికార్డు చేసుకునేట్టయితే నిర్వాహకుల్ని అడిగి, స్పీకరు పెట్టె ముందు కాకుండా హార్మోనియం వైపు మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టండి. పెట్టెకి ఫోను దగ్గరైతే గట్టి పద్యం ఎత్తుకున్నచోట శబ్దం చిట్లిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. ఎవరైనా '320 క్వాలిటీ' అని పాత పాటలు పంపిస్తే శబ్దంలో ఏ హెర్ట్జ్ దాకా ఏముందో బొమ్మ గీసి చూపించే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరవండి. కొత్త స్టీరియో పాటలో కూడా బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతే అది 128ని ఉబ్బించిన ఫైలు. పాత మోనో పాటలకి మాత్రం ఈ పరీక్ష చెల్లదు. వాటిలో 8 కిలోహెర్ట్జ్ పైన ఉండేది చాలావరకు బుసే, ఆ బుస పూర్తిగా తీసేసిన 'రీమాస్టర్'లో 'స' 'శ' లు కూడా దాంతోపాటే పోయి ఉంటాయి. బుస ఉన్న కాపీయే దాచుకోండి.