సీఎస్ఐ నుంచి బాప్టిస్ట్ చర్చికి మారితే మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాల్సిందేనా?

మల్కాజ్‌గిరి_బ్రదర్: అందరికీ వందనాలు. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం, నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే అయ్యగారు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు, పెద్దయ్యాక విశ్వాసాన్ని నా నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్ కూడా అయింది. ఇప్పుడు సంబంధం కుదిరిన అమ్మాయి వాళ్ళది సికింద్రాబాద్‌లో బాప్టిస్ట్ చర్చి, మునిగి బాప్తిస్మం తీసుకుంటేనే మెంబర్‌షిప్ అంటున్నారు, మా అమ్మేమో అప్పుడిచ్చింది చెల్లదా అని ఒకటే ఏడుపు. ఇది దాటొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మారేడ్‌పల్లి_సిస్టర్: అన్నా, నాదీ ఇదే కథ. ముందు పెళ్ళి వేరు, మెంబర్‌షిప్ వేరు, ఈ రెండూ కలిపేయకండి. మా పాస్టర్ గారు పెళ్ళి చేసేశారు, బాప్తిస్మం సంగతి నీకు నువ్వుగా వచ్చి అడిగినప్పుడు చూద్దాం అన్నారు. ఏడాది దాటాక నేనే అడిగాను. పుల్పిట్ ముందు చెక్కలు తీస్తే కింద తొట్టి ఉంటుంది, శనివారం రాత్రే నీళ్ళు పట్టి పెడతారు, తెల్ల బట్టలు, ముక్కు మీద కర్చీఫ్, పాస్టర్ గారి చెయ్యి వీపు కింద, ఒక్క క్షణం చెవుల్లో ఏమీ వినపడదు, పైకి లేచేసరికి సంఘమంతా పాడుతోంది. దానికి ముందు అందరి ఎదుట సాక్ష్యం చెప్పాలి, సంఘం చేతులెత్తి ఒప్పుకోవాలి. నాకైతే నీళ్ళకంటే ఆ సాక్ష్యమే కష్టమైంది.

మెదక్_పోరడు: బ్రదర్, నేను సీఎస్ఐల్నే ఉన్న, ఉంట. మా దగ్గర రెండోసారి బాప్తిస్మం ఇయ్యరు, దేవుడు ఒక్కసారి చేసింది చాలు అంటరు. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు ఇంటోళ్ళందరితోని తీసుకున్నడు కదా, అపొస్తలుల కార్యములు 16 చదువు. అమ్మ బాధ చిన్నదనుకోకు, నిన్ను ఎత్తుకొని నిలబడి మాటిచ్చింది ఆమెనే.

ఒంగోలు_మాస్టారు: పై తమ్ముడు అమ్మ గురించి చెప్పింది నిజం. కానీ ఆ ఇంట్లో పసిపిల్లలు ఉన్నారని అక్కడ రాసి లేదు, పైగా ఆ ఇంటివారందరికీ వాక్యం బోధించారని రాసుంది. మా బాప్టిస్టుల పట్టుదల ఎక్కడిదో చెప్తాను బాబూ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు, అప్పుడు బాప్తిస్మం కావాలని వేలమంది అడిగినా కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపేశారు. కరువు పనులు అయ్యాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. కూటి కోసం వద్దన్న సంఘంలో పెళ్ళి కోసం మాత్రం ఎలా ఇస్తాం చెప్పు? నీ నోటితో నువ్వు ఒప్పుకునేదే బాప్తిస్మం, తొందరపడి దిగొద్దు.

తార్నాక_యూత్: ఒక సంగతి కలుపుతాను, 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్ మొదలుపెట్టినప్పుడు బాప్టిస్టులు కూడా నీళ్ళు పోసేవాళ్ళే, ముంచడం ఇంగ్లండ్‌లో 1640ల్లో స్థిరపడింది. అంటే మొదటి నుంచీ పట్టుకున్నది విశ్వసించినవాడికే ఇవ్వాలన్నది, ఎన్ని నీళ్ళన్నది ఆ తర్వాత. 'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్ అయితే 1673లోనే నీళ్ళ బాప్తిస్మంలో తేడా ఉందని తోటి విశ్వాసిని ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకి) దూరం పెట్టొద్దని రాశాడు. ప్రతి బాప్టిస్ట్ సంఘం తన నిర్ణయం తనే తీసుకుంటుంది, పైన బిషప్ ఉండడు, కాబట్టి పక్క చర్చిలో ఏం చేశారో కాదు, మీరు వెళ్ళే సంఘం బైలా ఏమంటుందో అడగండి.

మల్కాజ్‌గిరి_బ్రదర్: అందరికీ థాంక్స్. నిన్న అమ్మని కూడా తీసుకెళ్ళి పాస్టర్ గారిని కలిశాం. పెళ్ళికి అడ్డం లేదన్నారు, అమ్మ ప్రార్థనలు వృథా అని ఎవరూ అనరమ్మా అన్నారు, ఆ మాటకి అమ్మ కొంచెం తేలికపడింది. నేను బాప్తిస్మం గురించి చెప్పే రోమా పత్రిక 6వ అధ్యాయం చదువుతున్నాను, ఇంకా టైమ్ కావాలి. అప్పటిదాకా అక్కడ మొదటి ఆదివారం బల్ల తీసుకోవచ్చా?

మారేడ్‌పల్లి_సిస్టర్: మా దగ్గర రక్షణ పొందినవాళ్ళు ఎవరైనా తీసుకోవచ్చు అని పాస్టర్ గారు ముందే చెప్తారు, కొన్నిచోట్ల మునిగినవాళ్ళకే ఇస్తారు. శనివారమే ఫోన్ చేసి అడిగేయండి అన్నా, ట్రే ముందుకొచ్చాక ఇబ్బంది పడకుండా.