రెండు కిడ్నీలూ పెరిగిన బాబు: లుకేమియానా, నెఫ్రోబ్లాస్టొమటోసిస్సా?

నాలుగేళ్ల బాబు. కిడ్నీల్లోకి పాకిన లుకేమియా (రక్త క్యాన్సర్) కావచ్చు, నెఫ్రోబ్లాస్టొమటోసిస్ (పిండదశ కిడ్నీ కణజాలం మిగిలిపోయి పరుచుకోవడం) కావచ్చు. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ 11 సెం.మీ. దాటాయి, ఈ వయసుకు సగటున 7–8 ఉంటాయి. కిడ్నీ పైపొర కార్టెక్సుకీ లోపలి మెడుల్లాకీ తేడా చెరిగిపోయింది. నీరు నిలవలేదు, రాళ్లు లేవు. డాప్లర్‌లో రీనల్ వెయిన్లలో (కిడ్నీ సిరల్లో) రక్తప్రవాహం బాగానే ఉంది. జ్వరం లేదు, మూత్రం కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

హిమోగ్లోబిన్ 8.4, ప్లేట్‌లెట్లు 95 వేలు, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 1,300. రక్తం స్మియర్‌లో బ్లాస్టులు (అపరిపక్వ రక్తకణాలు) లేవు, అంతమాత్రాన లుకేమియా కాదని చెప్పలేం. మొదటి బోన్ మ్యారో (ఎముక మజ్జ) నమూనా సరిపోలేదు, మళ్లీ తీయాలి. అది తేలకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే నిర్ధారణే చెదిరిపోతుంది. క్రియాటినిన్ 1.6, యూరిక్ యాసిడ్ 9 ఉన్నాయి, అంటే కిడ్నీల పనితీరు తగ్గింది; అందుకే కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే రంగుమందు) సీటీ వద్దనుకున్నాం.

కాంట్రాస్ట్ లేని ఎంఆర్‌ఐలో కిడ్నీ అంతా టీ2 చిత్రాల్లో ఒకే తీరుగా కాస్త నల్లగా ఉంది, అంచు వెంట పట్టీలా మందం. డిఫ్యూజన్ (కణజాలంలో నీటి కదలిక) బాగా రిస్ట్రిక్ట్ అయింది. అది రెండు జబ్బుల్లోనూ వచ్చేదే. వెన్నుపూసల మ్యారో టీ1 చిత్రాల్లో డిస్కుల కంటే నల్లగా ఉంది. అందుకే నా మొగ్గు లుకేమియా వైపు. కానీ రక్తహీనతతో రెడ్ మ్యారో (రక్తకణాలు తయారుచేసే మజ్జ) పెరిగినా సిగ్నల్ తగ్గుతుంది కదా.

కాంట్రాస్ట్ ఇవ్వకుండా ఈ రెండింటినీ విడదీయడానికి కిడ్నీలోనే మీరు నమ్మే గుర్తు ఏది?