మా వీధిలోకి వచ్చిన నీళ్లు నాగావళివి కావు. మరి ఎక్కడివి?

గెడ్డగట్టు_కుర్రోడు:
మాది శ్రీకాకుళం శివారు. మొన్న వాయుగుండం వానకి రాత్రి రెండింటికి మెలకువ వచ్చి కాలు కింద పెడితే తడి. లైటు వేస్తే హాల్లో చెప్పులు తేలుతున్నాయి. తెల్లారేసరికి నీళ్లు మంచం పట్టె దాకా వచ్చాయి. వీధంతా నాగావళి పొంగిందనే అన్నారు. పొద్దున్నే పాత వంతెన మీదకెళ్లి చూస్తే ఏటిలో ఇసుక తిన్నెలు ఇంకా పైకే కనిపిస్తున్నాయి! మీ ఊళ్లలో ఇలా జరిగిందా? ఏం చేశారు?

పాత_మేస్త్రి:
బాబూ, మీ కాలనీ కింద ముందు ఏముండేదో పెద్దవాళ్లని అడుగు. ఏరు పొంగకుండా ఇల్లు మునిగిందంటే చెరువులోనో గెడ్డలోనో (వాగులోనో) ఇల్లు కట్టినట్టే. నేను ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించాను, అందులో పల్లం మెరక చేసి కట్టినవీ ఉన్నాయి, అబద్ధమెందుకు.

లెక్క చెప్తాను విను. 10 సెంటీమీటర్ల వాన పడితే 100 గజాల డాబా మీద 8,000 లీటర్ల పైనే నీళ్లు పడతాయి. ఒకప్పుడు అందులో సగం మట్టే తాగేసేది. ఇప్పుడు డాబా, వాకిలి, వీధి అంతా సిమెంటే. రెండొందల ఇళ్ల నీళ్లు ఒకేసారి రెండడుగుల తూము దగ్గరకి చేరితే అదేం చేస్తుంది పాపం.

గెడ్డగట్టు_కుర్రోడు:
తూము అన్నారు కదా, దాని సంగతే చెప్పాలి. మూడో రోజుకి మేం నలుగురం గునపాలు పట్టుకుని రోడ్డు కింద తూములో దిగాం. కొబ్బరి పీచు, పెళ్లి భోజనాల థర్మాకోల్ ప్లేట్లు, సెలైన్ బాటిళ్లు వచ్చాయి. చివర్లో ఒక పరుపు. తడిసిన పరుపు ఎంత బరువుంటుందో అప్పుడు తెలిసింది! తాడేసి లాగాం. అది ఊడగానే నీళ్లు గుడగుడమని దిగాయి, గంటలో వీధి తేలింది. ఆ పరుపు ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

హిరమండలం_అప్ప:
తమ్ముడూ, మీకు కాలువ నీళ్లు, మాకు మాత్రం ఏటి నీళ్లే. మాది గొట్టా బ్యారేజీకి దిగువన వంశధార ఒడ్డు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలికి పైకప్పులు పోయాయి, ఆ వెనకే ఏరు వచ్చింది. దాన్ని ఎవరూ ఆపలేరు, ఒప్పుకుంటాను.

కానీ ఆ తర్వాత ఒకసారి అంత పెద్ద వరద కాకపోయినా పొలాలు మునిగాయి. కారణం ఇసుక లారీల ర్యాంపు. లారీలు ఏటిలోకి దిగడానికి గట్టుని వాలుగా కోసేశారు. సీజన్ అయ్యాక పూడ్చలేదు. ఏరు గట్టెక్కాల్సిన పని లేకుండా లారీ దారిలోనే ఊళ్లోకి నడిచొచ్చింది. మా మామయ్య ఉడుపు చేను మీద జానెడు ఇసుక మేట. కోసినవాళ్లని అడిగితే, లారీ బాడుగలు మీ ఊరివాళ్లు తీసుకోలేదా అన్నారు. తీసుకున్నారు మరి.

ఇప్పుడు జూన్ రాకముందే ఊరివాళ్లం గట్టు మీద ఒకసారి నడుస్తాం. ఎండ్రకాయల బొరియలు, ఎలుక కన్నాలు కనిపిస్తే బంకమట్టి కూరతాం. గట్టు మీద మొగలి పొదలు, తాటిచెట్లు కొట్టనివ్వం.

రాజాం_బస్సు:
అందరూ మనదే తప్పు, మనదే తప్పు అంటున్నారు. రెండు ఏర్లూ పుట్టేది ఒడిశాలో. అక్కడ కొండలు బోడి చేస్తే మనమేం చేయగలం?

పాత_మేస్త్రి:
అదీ నిజమే. 2017 జులైలో రాయగడ జిల్లాలో కుండపోత పడి తెరువలి దగ్గర రైలు వంతెనే కొట్టుకుపోయింది. పైన చెట్టు లేకపోతే నీరు ఆగదు, మట్టితో కలిసి ఒక్క ఊపున దిగుతుంది. అందుకే ఇక్కడ ఎండ కాస్తున్నా రాయగడ, గుణుపురం వార్తలు చూడాలి. పైన పడిన వాన మన దగ్గరకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో పశువులని విప్పేయొచ్చు, బియ్యం అటక మీదకి ఎక్కించొచ్చు. కానీ మీ వీధి తూములో పరుపు ఒడిశా నుంచి రాలేదు కదా.

బొబ్బిలి_రైతు:
వరి వేసేవాళ్లకి ఒక మాట. పల్లపు చేలకి స్వర్ణ సబ్-1 వేసి చూశాను. రెండు వారాల దాకా మునిగినా పిలక బతుకుతుంది. అయితే అది నాటిన తొలి నెలల్లోనే. అక్టోబరు తుపాను వెన్ను (కంకి) మీద పడితే ఏ రకమూ ఆగదు.

చెరువు పూడిక కూడా మే నెలలోనే తీయించాలి. ఉపాధి హామీలో పెట్టించొచ్చు. మా ఊళ్లో చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు మీద ఎవరో రాళ్లు పేర్చి చేపలకి వల కట్టారు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఆ రాళ్లు తీయడానికి చీకట్లో నడుంలోతు నీళ్లలో దిగాం. గట్టు తెగలేదు, అదృష్టం.

హిరమండలం_అప్ప:
ఫోన్లలో ఎమర్జెన్సీకి 112, విపత్తుల కంట్రోల్ రూముకి 1070 రాసుకోండి. కరెంటు పోకముందే చార్జింగ్ పెట్టుకోండి.

పాత_మేస్త్రి:
కుర్రోడా, సచివాలయంలో సర్వేయరుని ఎఫ్‌ఎంబీ, అంటే భూమి కొలతల పటం, అడుగు. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే పాత భూముల రిజిస్టరులో, మీ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసుందో చూడు. పోరంబోకు (ప్రభుత్వ భూమి) అని ఉంటే, చుట్టుపక్కల ఎవరు ఎంత జరిగారో కూడా తేలుతుంది. చెరువులు, కుంటలు ఆక్రమణ కాకుండా కాపాడాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. అర్జీలో అది రాయి.

గెడ్డగట్టు_కుర్రోడు:
వెళ్లొచ్చాను మేస్త్రిగారూ. మా వెనక సందు గెడ్డ పోరంబోకేనట. కాగితంలో గెడ్డ వెడల్పు ఇప్పుడున్న కాలువకి నాలుగింతలు. సర్వేయరు టేపు పట్టాడు. ముందు పక్కింటివాళ్ల మెట్లు వచ్చాయి, సంతోషించాను. తర్వాత మా ప్రహరీ. రెండడుగుల నాలుగంగుళాలు గెడ్డ లోపలికి ఉంది. అర్జీ రాసి జేబులో పెట్టుకున్నాను, నాన్న రాత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.