అప్‌డేట్: బారికేడ్‌ను ‘అడ్డుకట్ట’ అనొచ్చా?

గొడవల్లో జనం అప్పటికప్పుడు వీధికి అడ్డంగా పేర్చే సామానును ‘అడ్డుకట్ట’ అని అనువదించొచ్చా అని పోయిన వారం అడిగాను. వద్దనే తేలింది, ఆ మాట వినగానే ఏటికి వేసే కట్టే గుర్తొస్తుంది. ‘దడి’ అంటేనేమో కంప, కట్టెలతో కట్టేది. అసలు బారికేడ్ పుట్టింది పీపా అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచట. 1588 మేలో పారిస్ జనం పీపాల్లో మట్టి, రాళ్లు నింపి వీధులు మూసేశారు. తిరుపతిలో బారికేడ్ అంటే బ్రహ్మోత్సవాలప్పుడు పెట్టే ఇనుప చట్రాలే కదా, నాకు పీపా ఎలా తడుతుంది?

నిన్న మా వీధిలో పెళ్లి పందిరి కోసం రెండు నీళ్ల డ్రమ్ములు, మధ్యలో పాత నులక మంచం పెట్టి దారి మూశారు. అచ్చం పారిసే! దీన్నేమంటారని అవ్వనడిగితే, “అడ్డం పెట్టినారు, అంతే” అనింది. అనువాదంలో బారికేడ్ అనే ఉంచేశాను.